తొమ్మిది రోజుల జింకు

పళ్ల డాక్టరు గారి తెరచాప పడవ కింద ఆ రోజు పని అరగంటది. మర్నాడు పందెం ఉంది. పడవ అడుగున పాచి గోరంత మందం పేరుకున్నా వేగం తగ్గుతుందని డాక్టరు గారి బెంగ. ఆయన పడవ ప్రతి పందెంలోనూ ఆఖరునో, ఆఖరు నుంచి రెండోదిగానో వస్తుంది గానీ, ఆ తప్పు ఆయనది కాదు, పాచిది. అందుకని పందెం ముందురోజు డైవరు దిగి అడుగంతా మెత్తటి గుడ్డతో తుడవాలి.

డైవరు మాస్కులో ఉమ్మి వేసి రుద్ది కడిగాడు. నడుముకు సీసం దిమ్మల బెల్టు బిగించి, గాలి గొట్టం కొస నోట కరిచి, రేవు పలకల అంచున కూర్చున్నాడు. పక్కన కంప్రెసరు దడదడలాడుతోంది. దాని పక్కన రేడియో కూర్చున్నాడు. రేడియో అంటే మనిషే. గొట్టం మెలికపడకుండా చూడటం, పైనుంచి ఓ కన్నేసి ఉంచడం అతని పని. యాభై దాటినా నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఆ పేరు.

“ఈయన పడవకి తుడుపు దేనికయ్యా, తాడు కట్టి లాగేవాణ్ని పెట్టుకోమను,” అన్నాడు రేడియో.

డైవరు నవ్వకుండానే నీళ్లలోకి జారాడు.

కింద నీళ్లు పచ్చగా, మసగ్గా ఉన్నాయి. చేయి చాపితే వేళ్లు కనిపిస్తాయి, అంతకు మించి కనిపించదు. డైవరు ముందు నుంచి మొదలుపెట్టాడు. ఎడమ చేత్తో పడవను తాకి పట్టు చూసుకుంటూ, కుడి చేత్తో గుడ్డను అడ్డంగా, పొడుగ్గా, మళ్లీ అడ్డంగా నడిపించాడు. గట్టిగా రుద్దితే పాచితో పాటు రంగూ పోతుంది. పాచి పొగలాగా లేచి కిందికి దిగుతోంది.

మూడేళ్లుగా అతనికి ఓ అలవాటైంది. పడవకు ఒక పక్క పని చేస్తుంటే రెండో పక్క నుంచి ఇంకో గీకుడు చప్పుడు వినిపిస్తుంది. గర్రు గర్రుమని నాలుగు సార్లు, తరువాత ఆగుతుంది. అది కట్టుతాళ్ల రాపిడి కావచ్చు, పలకల కింద రొయ్యల చిటపట కావచ్చు. అక్క మొగుడు, బావ, ఈ రేవులో డైవరుగా ఉన్న రోజుల్లో ఇద్దరూ అలాగే చెరో పక్కా చేసేవారు. బావ నాలుగు సార్లు గీకి ఊపిరికి ఆగేవాడు. డైవరు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అటు తిరిగి వెళ్లి చూడలేదు. భయమని ఒప్పుకోడు గానీ భయమే.

ఆ రోజు కూడా చప్పుడు వచ్చింది. అతను గుడ్డ పట్టుకుని వెనక్కి, పడవను నడిపే ఇంజను పంకా వైపుకు జరిగాడు.

పంకా కంచుది. దాన్ని తిప్పే కడ్డీ స్టీలుది. రెండు రకాల లోహాలు ఉప్పునీళ్లలో కలిసి ఉంటే ఒకదాన్నొకటి తినడం మొదలుపెడతాయి. అందుకని కడ్డీకి జింకుతో చేసిన కడియం తొడుగుతారు. జింకు అన్నిటికంటే మెతక లోహం, నీళ్లు ముందు దాన్నే తింటాయి, పంకా జోలికి రావు. కడియం ఏడాదికి సగం కరిగితే అంతా సవ్యంగా ఉన్నట్టు. అసలు కరగకపోతే అది పని చేయనట్టు.

ఈ కడియం అతను తొడిగి తొమ్మిది రోజులైంది. పాతది అరిగి పేలిక అయిపోయి ఉంటే, ఏడాదైంది కదా అనుకుని మార్చాడు. కడ్డీని గరుకు కాగితంతో తళతళలాడేదాకా రుద్ది, కడియం రెండు ముక్కలూ చుట్టూ పెట్టి, బోల్టులు బిగించి, చిన్న సుత్తితో కొట్టి, మళ్లీ బిగించాడు. కొట్టాక మళ్లీ బిగించాలన్నది బావ నేర్పిన పద్ధతి.

ఇప్పుడు కడ్డీ మీద కడియం లేదు.

అతను చేత్తో వెతికాడు. కడ్డీ పొడుగునా తడిమాడు. ఒకచోట తెల్లగా, తడిసిన సుద్దలాంటి పెచ్చు ఒకటి అంటుకుని ఉంది. వేలు తగలగానే అది విడిపోయి నీళ్లలో పాలలాగా కలిసిపోయింది. అర కిలో బరువున్న జింకులో మిగిలింది అదే. అతని నోట్లోంచి బుడగలు ఒక్కసారిగా ఎక్కువయ్యాయి.

మూడేళ్ల క్రితం ఇదే చోట, ఇదే పడవ కింద, ఇదే కడ్డీని అతను తడిమాడు. బావ తొడిగానన్న కొత్త జింకు లేదని ఫిర్యాదు వస్తే, మేనేజరు అతణ్ని దించి చూడమన్నాడు. అతను పైకి వచ్చి, అందరూ వింటుండగా, “లేదు సార్, తొడిగిన గుర్తు కూడా లేదు,” అన్నాడు. జింకులు బయట అమ్ముకుంటున్నాడని బావను పనిలోంచి తీసేశారు. బావ “తొడిగాను” అని రెండే రెండు సార్లు అన్నాడు. ఆయన వెళ్లాక అదే పడవకు వేసిన జింకులు నిక్షేపంగా నిలబడ్డాయి. దాంతో ఉన్న అనుమానం కాస్తా రూఢి అయింది. బావ ఎక్కడో ఆనకట్ట తలుపుల దగ్గర బురద తీసే పనికి కుదిరి, రెండో ఏడు అక్కడే నీళ్లలోంచి పైకి రాలేదు.

ఆ రోజు కూడా కడ్డీ మీద తెల్లటి మరక ఉంది. డైవరుకు అది బాగా గుర్తు. బొటనవేలితో తుడిచేశాడు. ఉందా లేదా అన్నదే మేనేజరు అడిగిన ప్రశ్న, మరక సంగతి ఎవరూ అడగలేదు.

పైకి వచ్చి పలక పట్టుకుని వేలాడుతున్న అతణ్ని చూసి రేడియో కంప్రెసరు ఆపేశాడు.

“ఏంటయ్యా, మొహం అలా పాలిపోయింది? పాము గాని కనిపించిందా?”

“జింకు లేదు.”

“ఏ జింకు?”

“మొన్న నేను తొడిగింది.”

రేడియో జీవితంలో అరుదుగా జరిగే పని చేశాడు, మాట్లాడకుండా ఊరుకున్నాడు. మూడేళ్ల క్రితం కూడా గొట్టం పట్టుకుని కూర్చున్నది అతనే. కాసేపటికి గొంతు తగ్గించి, “మరి… ఆయన కూడా ఇలాగే…” అని ఆగిపోయాడు.

“ఎవరికీ చెప్పకు,” అన్నాడు డైవరు. రేడియోకు ఆ మాట చెప్పడం ఎంత తెలివితక్కువ పనో ఇద్దరికీ తెలుసు. కానీ ఆ ఒక్కసారికి రేడియో మాట నిలబెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం డైవరు ఇంటికి పోకుండా రేవు మీదే తచ్చాడాడు. జింకు ఊరికే మాయం కాదు, దాన్ని ఏదో తింటోంది. ఏది? డాక్టరు గారి పడవకు అటు పక్క చిన్న చేపల పడవ, అది ఎప్పటినుంచో ఉంది. ఇటు పక్క ఓ పెద్ద ఇనప్పడవ ఉంది. ఓ రిటైరైన మొగుడూ పెళ్లాలది. మూడు వారాల క్రితం వచ్చి కట్టుకున్నారు. దాని కరెంటు తీగ పసుప్పచ్చగా పలకల మీదుగా వచ్చి, డాక్టరు గారి తీగ తగిలించిన స్తంభానికే తగిలి ఉంది. ఎర్తు వైరు ఇద్దరికీ ఒకటే, అంటే ఆ తీగ గుండా రెండు పడవల లోహాలూ ఒకదానికొకటి తగిలి ఉన్నట్టే.

ఆ పడవ ఈ రేవుకు కొత్త కాదు. మూడేళ్ల క్రితం ఇదే చోట ఓ నాలుగు నెలలు ఉంది. అంతకు ముందు దాన్ని ఒడ్డుకు ఎత్తి, గీకి, అడుగంతా ఎర్ర రంగు వేసి దించారు. బావను పంపేసిన రెండు రోజులకే అది బయలుదేరి వెళ్లిపోయింది. ఈ సంగతి ఇన్నాళ్లూ అతని కళ్లెదుటే ఉంది, ఒక్కసారి కూడా దాన్ని దీనితో కలిపి ఆలోచించలేదు. ఆలోచిస్తే ఏం తేలుతుందోనని వెనకాడాడేమో కూడా.

మర్నాడు తెల్లవారాక, డాక్టరు గారు పందేనికి పోగానే, డైవరు ఎవరి అనుమతీ అడగకుండా ఇనప్పడవ కిందికి దిగాడు.

అడుగు వెడల్పుగా, చీకటిగా ఉంది. గుల్లలు మొలిచాయి. అక్కడక్కడా రంగు లేచి ఇనుము బయటపడింది. చిత్రమేమిటంటే, అలా బయటపడ్డ చోట కూడా తుప్పు లేదు. మూడేళ్లు సముద్రాల్లో తిరిగిన ఇనుము రేవుకొచ్చిన మూడు వారాల్లో మంచం దిగిన రోగిలా తేరుకుంది. ఎవరి తిండో తింటేనే అలా ఉంటుంది. సొమ్మొకడిది సోకొకడిది.

ఇంత పెద్ద పడవకు సొంత జింకులు ఉండాలి. అరచేయంత వెడల్పు, మూర పొడుగు దిమ్మలు, రెండు వైపులా కలిపి పన్నెండు. అతను చేత్తో తడుముకుంటూ పోయాడు. మొదటి నాలుగూ దొరికాయి, సగానికి పైగా కరిగి గుంటలు పడి ఉన్నాయి. ఐదోది చేతికి నున్నగా తగిలింది. అంచులు పదునుగా ఉన్నాయి. మూడేళ్లయినా రవంత అరగలేదు. దాని మీద ఎర్ర రంగు ఉంది.

జింకు మీద రంగు పడితే అది చచ్చినట్టే, నీళ్లు దాన్ని ముట్టుకోలేవు. ఈ రంగంలో చిన్నపిల్లలకైనా తెలిసిన విషయం. ఆరోదీ అంతే. ఏడోదీ అంతే. ఎనిమిది దిమ్మలకు రంగు వేసేశారు. నాలుగు దిమ్మలతో సరిపెట్టుకోలేక ఆ పడవ ఎర్తు తీగ పట్టుకుని పక్కింటి కంచంలో చేయి పెట్టింది. డాక్టరు గారి కడియం దానికి తొమ్మిది రోజుల తిండి.

డైవరు నడుము నుంచి కత్తి తీసి ఎనిమిదో దిమ్మ మూల గీకాడు. రంగు కింద జింకు వెండిలాగా మెరిసింది. అతను ఆ మెరుపు చూస్తూ చాలాసేపు అక్కడే ఉండిపోయాడు, ఎందుకంటే ఆ రంగు వేసింది ఎవరో అతనికి గుర్తొచ్చింది.

అప్పటికి అతను పూర్తి డైవరు కాడు. సగం రోజులు ఒడ్డున రంగుల పని. బావ దిమ్మలన్నిటికీ కాగితం టేపు అంటించి అప్పుడు రంగు వెయ్యమన్నాడు. నాలుగింటికి అంటించేసరికి టేపు అయిపోయింది. సామాన్ల గది దాకా వెళ్లి రావడానికి బద్ధకం. రంగు ఆరిపోతోంది, మబ్బు పట్టింది. పైగా అంత నీటుగా వచ్చిన ఎర్ర రంగు మధ్యలో ఆ బూడిదరంగు దిమ్మలు చూడటానికి అసహ్యంగా ఉన్నాయి. రోలరు వాటి మీదుగా నడిపించేశాడు. తరువాత గీకేద్దాంలే అనుకున్నాడు. మధ్యాహ్నం క్రేను వచ్చి పడవను నీళ్లలోకి దించేసింది.

తన చేత్తో వేసిన రంగు బావ పెట్టిన జింకును తినేసింది. తన నోటితో చెప్పిన మాట బావను తినేసింది. నీళ్లలో ఏడవడం కుదరదు, మాస్కులో నీళ్లు చేరితే ఏమీ కనిపించదు. అయినా చేరాయి.

అటు పక్క నుంచి గీకుడు చప్పుడు వినిపించింది. నాలుగు సార్లు, తరువాత ఆగింది. డైవరు ఈసారి పడవ అడుగు పట్టుకుని, మెల్లగా చుట్టి అవతలికి వెళ్లాడు. అక్కడ పచ్చటి నీళ్లు తప్ప ఏమీ లేదు. ఏదో ఒకటి ఉన్నా బాగుండునని అనిపించింది అతనికి.

మేనేజరు చెడ్డవాడు కాడు. నిజం విషయంలో కాస్త ఒళ్లు బరువు, అంతే. డైవరు చెప్పిందంతా విని, ముందు ఎలక్ట్రీషియన్‌ను పంపి ఇనప్పడవ తీగ పీకించాడు. తరువాత కుర్చీలో వెనక్కి వాలాడు.

“అయిపోయిందిగా. ఆ రంగు గీకెయ్. డాక్టరు గారికి కొత్త కడియం మన తరఫున వేసెయ్. బోల్టులు వదులై ఊడిపోయిందని రాసేద్దాం.”

“మా బావ దొంగ కాదని రాయాలి సార్.”

“పోయినాయనకి ఇప్పుడు సర్టిఫికెట్ ఇమ్మంటావా?”

“అవును సార్.”

“చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమయ్యా?” మేనేజరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “సరే. రాస్తే మొత్తం రాయాలి. రంగు ఎవరేశారని అడుగుతారు. ఏం చెప్పమంటావు?”

“నేనే వేశాను.”

గదిలో ఫ్యాను తిరుగుతోంది. మేనేజరు అతని మొహం కేసి చూశాడు, తరువాత కిటికీ కేసి చూశాడు.

“ఆ ఇనప్పడవ వాళ్లు వింటే నిన్ను పనిలో ఉంచనివ్వరు. నేనూ ఉంచలేను. తెలుసా?”

“తెలుసు సార్.”

డైవర్లు దిగిన ప్రతిసారీ రాసే పెద్ద పుస్తకం ఒకటుంది. మేనేజరు దాన్ని అతని ముందుకు తోశాడు. డైవరు నిలబడే రాశాడు. రాత అలవాటు లేని చేయి, ప్రతి అక్షరం దగ్గరా ఆగింది. ఏ రోజు ఏ పడవకు రంగు వేశాడో, ఎన్ని దిమ్మలకు టేపు అంటించలేదో, తరువాత కడ్డీ మీద ఏం చూసి ఏం చెప్పకుండా వదిలేశాడో, వరసగా రాశాడు. చివర ‘మా బావ జింకు తొడిగాడు’ అని రాసి కలం కింద పెట్టాడు.

మేనేజరు ఆ ఆఖరి వాక్యం రెండుసార్లు చదివాడు. “దొంగ అన్న మాట నేనూ అన్నాను కదా, అందరి ముందూ,” అంటూ కింద సంతకం పెట్టాడు. జిరాక్సు తీసి తనే తెచ్చి ఇచ్చాడు.

అక్క ఉండేది ఓ లాడ్జి వెనక వీధిలో, మేడ మీది గదిలో. లాడ్జి దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి ఇవ్వడం ఆమె పని. తల్లి పోయాక డైవరును పెంచింది ఆమే. వాడికి నీళ్లంటే భయం పోగొట్టమని మొగుడి వెంట పంపిందీ ఆమే. మూడేళ్లుగా ఆమె తమ్ముడితో మాట్లాడదు. బావ శవం వచ్చిన రోజు కూడా అతని వైపు చూడలేదు. ఎదురుపడితే తలదించుకుని పక్కకు తప్పుకుంటుంది. తన మీద కోపమని అతను అనుకున్నాడు, అది న్యాయమైన కోపమేనని కూడా అనుకున్నాడు. ఇప్పుడు ఈ కాగితం చూపిస్తే తిడుతుంది, కొడితే కొడుతుంది. కొట్టినా సరే, తన మొగుడు దొంగ కాదని నలుగురికీ చెప్పుకోగలుగుతుంది. ఆ తరువాత ఎప్పటికైనా ‘ఒరే’ అని పిలుస్తుందేమో. అతను అడుగుతున్నది అంతే.

ఎండ తగ్గుతున్న వేళ. డాబా మీద ఆరు వరసల తాళ్లకు తెల్ల దుప్పట్లు వేలాడుతున్నాయి. గాలికి ఓ దుప్పటి పొంగితే వెనక ఎవరో నిలబడ్డట్టుంది, అణిగితే ఎవరూ లేరు. డైవరు రెండు వరసలు దాటాక ఆమె కనిపించింది, చేతుల్లో దుప్పటి ఒక కొస, రెండో కొస గడ్డం కింద నొక్కిపట్టి, ఒక్కతే మడత పెట్టడానికి తంటాలు పడుతోంది.

అతను వెళ్లి కింద జీరాడుతున్న రెండు మూలలు అందుకున్నాడు. ఆమె ఉలిక్కిపడింది గానీ లాక్కోలేదు.

“అక్కా, బావ జింకు తొడిగాడు,” అన్నాడు. ఇంకే మొదలూ దొరకలేదు.

ఆమె చేతులు ఆగిపోయాయి. అతను చెప్పాడు. తొమ్మిది రోజుల్లో తన జింకు మాయమవడం, ఇనప్పడవ, ఎర్తు తీగ, ఎనిమిది దిమ్మలు, టేపు అయిపోవడం, రోలరు. కడ్డీ మీది తెల్ల మరకను తుడిచేయడం కూడా చెప్పాడు. జేబులోంచి కాగితం తీసి, చేయి ఖాళీ లేక, దుప్పటి మీదే పెట్టాడు. ఆమె దాన్ని చూడలేదు.

“రంగు వేసింది నేనే అక్కా. ఇంత చేసిందీ నేనే. నీకెంత కోపముందో అంతా నా మీద తీర్చుకో.”

“కోపమా?” అంది ఆమె. మూడేళ్ల తరువాత అతను విన్న మొదటి మాట అది. “నీ మీద నాకు కోపమెందుకురా?”

అతనికి అర్థం కాలేదు.

“సిగ్గురా. నువ్వు పని చేసే చోటే నా మొగుడు దొంగతనం చేశాడని సిగ్గు. నీ మొహం ఎలా చూడను? నిన్ను ఆయన దగ్గరికి పంపింది నేనే కదా.”

గాలికి దుప్పట్లన్నీ ఒక్కసారి లేచి పడ్డాయి. డైవరు చేతుల్లోని మూలలు జారబోతే గట్టిగా పట్టుకున్నాడు.

“నువ్వు కూడా… నమ్మావా?”

“నువ్వు చూశానన్నావు కదా.” ఆమె గొంతు మామూలుగానే ఉంది, అదే అతనికి భరించరానిదిగా ఉంది. “ఆయన చెప్పాడు నాతో. భోజనానికి కూర్చుని చెప్పాడు. పదకొండు రోజుల్లో జింకును ఏదో తినేసిందే, కరెంటేదో తేడాగా ఉంది, కనుక్కోవాలి అన్నాడు. నేనేమన్నానో తెలుసా? ‘మా తమ్ముడు అబద్ధం చెప్పడు’ అన్నాను.”

డైవరు చేతుల్లోని దుప్పటి మూలల కేసి చూశాడు.

“ఆయన కాసేపు నాకేసి చూశాడు. ‘చెప్పడు, నిజమే’ అన్నాడు. అని తల వంచుకుని తిన్నాడు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఏడాదిన్నర నా పక్కనే ఉన్నాడు, ఒక్కసారీ ఎత్తలేదు.”

ఆమె తన వైపు మూలలు రెండూ కలిపి, అతని వైపు నడిచింది. మడత కుదరాలంటే ఇద్దరూ దగ్గరికి రావాలి. అతనూ ఒక అడుగు వేశాడు. కాగితం దుప్పటి మీంచి జారి డాబా మీద పడింది. ఇద్దరూ దాన్ని తియ్యలేదు. ఆమె అతని చేతుల్లోంచి మూలలు తీసుకుంటూ, అతని వేళ్లను వదలకుండా అలాగే పట్టుకుంది.

“నువ్వు ఇది చెప్పకుండా ఉంటే నేను బతికేసేదాన్నిరా,” అంది.